పదకొండో మేకు

పెంచలకృష్ణకు బ్యాడ్జీల పిచ్చి. నాయుడుపేట బస్టాండు వెనక సందులో అతనికి ఫ్లెక్సీల షాపుంది. పుట్టినరోజుకీ పెళ్ళికీ చావుకీ అవే నల్లకళ్ళద్దాలు పెట్టుకుని అదే నవ్వు నవ్వే మనుషుల్ని ఊరంతా వేలాడదీసేది అతనే. అది కడుపు కోసం చేసే పని. మనసు మాత్రం షాపు లోపలి గదిలో ఉంటుంది. అక్కడ గోడలకు నల్లగుడ్డ పరిచిన అట్టలు, వాటి నిండా పాత రేకు బ్యాడ్జీలు. సినిమా నూరు రోజులాడితే అభిమాన సంఘాలు పంచినవి, ఎన్నికల్లో గెలిచిన గుర్తులు, డిపాజిట్లు పోగొట్టుకున్న గుర్తులు, సారా వద్దని ఆడవాళ్ళు రోడ్డెక్కిన రోజుల్లో పైటలకు పెట్టుకున్నవి, రాత్రిబడుల్లో పలకలు పట్టించిన వాలంటీర్లవి. ఇంటికి చుట్టం వస్తే మంచినీళ్ళకంటే ముందు బ్యాడ్జీలు చూపిస్తాడని భార్య వినీల ఎగతాళి చేస్తుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

పాత బ్యాడ్జీని చేత్తో తడిమి దాని వయసు చెప్పేస్తాడు. గుండ్రటి రేకు, దాని మీద అచ్చువేసిన కాగితం, కాగితం మీద పల్చటి సెల్యులాయిడ్ పొర, వెనక గాడిలో ఇమిడిన తీగె పిన్ను. ఇప్పటివన్నీ ప్లాస్టిక్కు. వాటిని షాపులో తనే చేసి ఇస్తాడు గానీ బ్యాడ్జీల కింద లెక్కవెయ్యడు. ఏ పాత బ్యాడ్జీ దొరికినా ముందు ఒక గంటసేపు చొక్కా జేబుకు పెట్టుకుని తిరగడం అతని అలవాటు. మనిషి గుండె మీద పెట్టుకుంటే గాని బ్యాడ్జీకి ప్రాణం రాదని అందరితో అంటుండేవాడు. ఇప్పుడా మాట అనడం మానేశాడు.

మొన్న నవంబరులో రోజా అనే అమ్మాయి షాపుకొచ్చింది. వాకాడు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న గుల్లపాళెం ఆమెది. పెళ్ళయి ఎనిమిది నెలలు. మొగుడు సుబ్బు చేపల వేటకు పోతాడు, నెలాఖరున అతని పుట్టినరోజు, అతని ఫొటోతో ఒక బ్యాడ్జీ చేసిపెట్టమంది. కవర్లోంచి ఫొటో తీసి ఇచ్చింది. ఎర్రచొక్కా, నూనె రాసి పాపిడి తీసిన తల, ఎడం కనుబొమ మీద చిన్న గాటు. నవ్వాలా వద్దా అని తేల్చుకోలేక సగం నవ్విన మొహం. ఆ ఫొటో ఇచ్చేటప్పుడు రోజాకు కలిగిన సిగ్గు చూసి పెంచలకృష్ణకు ముచ్చటేసింది.

అతను ఫొటోను సొరుగులో పెడుతుంటే రోజా తలుపు సందులోంచి లోపలి గది చూసింది. ఇలాంటివే తమ ఊళ్ళో సొసైటీ షెడ్డులో ఒక బల్లకు తగిలించి ఉన్నాయని చెప్పింది. నీలం అంచు, మధ్యలో చేప, చేప కింద నంబరు. తన మొగుడి తాతల నాటివట. పెంచలకృష్ణ చేతిలో పని చేతిలోనే ఆగిపోయింది. నెల్లూరు జిల్లాలో జాలర్ల సంఘం బ్యాడ్జీ ఒకటుందని ముప్పై ఏళ్ళుగా బ్యాడ్జీలు పోగేస్తున్న వాళ్ళు కూడా అతనికి చెప్పలేదు. ఆ రాత్రి అన్నం తింటూ వినీలకు పదిసార్లు అదే చెప్పాడు.

మూడో రోజు పొద్దున్నే బండి తీశాడు. చిట్టమూరు దాటేసరికి ఆకాశం ముసురుకుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం, మధ్యాహ్నంలోపల పడవలన్నీ ఒడ్డుకు రావాలని మైకులో చెప్పుకుంటూ ఒక ఆటో ఎదురైంది. కోతకు రాని వరిచేలు, తర్వాత సరుగుడు తోటలు, తర్వాత ఇసుక. పది గంటలకే వెలుతురు పొద్దుగూకే వేళలా ఉంది. గుల్లపాళెంలో దిగేసరికి ఎండుచేపల వాసన, తడిసిన వలల వాసన కలిసి ముక్కుకు తగిలాయి. మగవాళ్ళెవరూ కనబడలేదు. పడవలింకా రాలేదు.

రోజా ఇంట్లో సుబ్బు అవ్వ పోలేరమ్మ జ్వరంతో పడుకుని ఉంది. సుబ్బు అమ్మానాన్నలు చెన్నైలో హార్బరు పనికి పోయారు; అతన్ని పెంచింది ఈ ముసలామే. ఆమెను లేపవద్దని రోజా సైగ చేసి, గూట్లో ఉన్న తాళంచెవి తీసుకుని అతన్ని షెడ్డుకు తీసుకుపోయింది.

షెడ్డు ఊరి చివర, అలలు వినబడేంత దగ్గరలో ఉంది. సొసైటీ మూతబడి చాలా ఏళ్ళయింది. రేకులు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. లోపల పాత ఐసు పెట్టెలు, తెగిన తాళ్ళు. ఎదురు గోడకు తలుపంత చెక్కబల్ల. దానికి వరసగా ఇరవై మేకులు, ప్రతి మేకు మీదా తెల్లరంగుతో నంబరు. పదిహేను మేకులు ఖాళీ. అయిదింటికి మాత్రం బ్యాడ్జీలు వేలాడుతున్నాయి.

నాలుగు బ్యాడ్జీలు ఉప్పుగాలికి తుప్పుపట్టి, చేప బొమ్మ పోయి, పొరలు లేచిపోయి ఉన్నాయి. పదకొండో నంబరుది మాత్రం నిన్న పెట్టెలోంచి తీసినట్టుంది. నీలం అంచు నిగనిగలాడుతోంది. ఎవరో రోజూ తుడుస్తున్నట్టు సెల్యులాయిడ్ మీద దుమ్ము కూడా లేదు. పెంచలకృష్ణ దానికి మొహం ఆనించి చూశాడు. దీన్నెవరు తుడుస్తారని అడిగితే, అవ్వ అప్పుడప్పుడూ ఇక్కడికొస్తుందని రోజా చెప్పింది. బ్యాడ్జీలను ఎవరూ తియ్యరట. ఎందుకో తనకు తెలియదట.

"తీసుకోన్నా ఒకటి. ఈ వానకు గోడే పడిపోయేట్టు ఉండాది. మట్టిలో కలిసేదానికంటే నీ కాడుంటే మేలు గదా" అని, టీ పెడతానంటూ ఆమె ఇంటికి వెళ్ళిపోయింది.

పెంచలకృష్ణ పదకొండో మేకు నుంచి బ్యాడ్జీని తీశాడు. వెనక్కి తిప్పి చూశాడు. గాడిలో చిన్న కాగితం అంటించి ఉంది. దాని మీద సిరాతో ‘కామాక్షయ్య’ అని రాసి ఉంది. పిన్ను స్ప్రింగు గట్టిగా, కొత్తదిలా పనిచేస్తోంది. సంతోషం పట్టలేక, అలవాటు ప్రకారం, చొక్కా జేబుకు పెట్టుకున్నాడు. సెల్‌లో ఒక ఫొటో కూడా తీసుకున్నాడు. టైము పదీ ముప్పై రెండు.

పిన్ను గాడిలో పడ్డ చప్పుడు షెడ్డంతా వినబడింది. ఆ వెంటనే అలల చప్పుడు ఆగిపోయింది.

ఆగడమంటే... నిజంగానే ఆగింది. రెండు మూడు క్షణాలు. అతను తల తిప్పి తలుపు వైపు చూశాడు. బయట ఇసుక, బూడిదరంగు ఆకాశం, అంతే. మళ్ళీ అలల చప్పుడు మొదలైంది. చెవుల్లో గాలి దూరి ఉంటుందనుకున్నాడు. మిగతా బ్యాడ్జీలను ఫొటోలు తీస్తుంటే జేబు దగ్గర చల్లగా తగిలింది. చెయ్యి పెట్టి చూస్తే బ్యాడ్జీ కింద చొక్కా తడిసి ఉంది. వేళ్ళు నోటికి తగిలితే ఉప్పగా ఉన్నాయి. పైకప్పు కారిందేమోనని చూశాడు. వాన ఇంకా మొదలే కాలేదు.

అప్పుడు వాసనొచ్చింది. చేపల వాసన కాదు. చాలాకాలం నీళ్ళలో నానిన తాడు వాసన. ఐసు పెట్టెల వెనక ఏదో నేల మీద మెల్లగా అంటుకుని, లేచి, మళ్ళీ అంటుకున్నట్టు చప్పుడైంది. తడికాళ్ళతో సిమెంటు మీద నడిస్తే వచ్చే చప్పుడది. పెంచలకృష్ణ ఎవరని అడగలేదు. అడిగితే జవాబొస్తుందేమోనని భయమేసింది. గబగబా బయటికొచ్చి, తలుపు మూసి, నవ్వుకోవడానికి ప్రయత్నించి, నవ్వు రాక రోజా ఇంటికి నడిచాడు.

ఇంటి వసారాలో పోలేరమ్మ లేచి కూర్చుని ఉంది. అతన్ని పలకరించబోయి, చూపు జేబు మీద పడగానే ఆగిపోయింది. ఆమె మొహంలో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"ఎవురు తీసినారు దాన్ని?" అంది గుసగుసగా.

తనే తీశానని చెప్పాడు. రోజా తియ్యమన్నదని చెప్పలేదు. ఆ మాత్రం మర్యాద అతనికుంది. ముసలామె అతన్ని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టి, ఒక్కో మాటా ఊపిరి తీసుకుంటూ చెప్పింది. ఆ రోజుల్లో వేటకు పోయిన వాళ్ళెవరో, ఒడ్డునున్న వాళ్ళెవరో తెలియక గాలివానలప్పుడు నానా తంటాలు పడేవాళ్ళట. అందుకని సొసైటీ వాళ్ళు మద్రాసు నుంచి బిళ్ళలు చేయించారు. వాళ్ళు వాటిని బిళ్ళలనే అనేవాళ్ళు. సముద్రానికి పోయేవాడు తన బిళ్ళ తీసి తన మేకుకు తగిలించి పోవాలి. తిరిగొచ్చాక తన చేత్తో తీసి చొక్కాకు పెట్టుకోవాలి. మేకు మీద బిళ్ళ ఉంటే మనిషి నీళ్ళ మీదున్నట్టు. మేకు ఖాళీ అయితే ఒడ్డుకొచ్చినట్టు. ఒకసారి ఒకామె దూరాన తెరచాప చూసి, సంబరం ఆపుకోలేక మొగుడి బిళ్ళ తీసి కొంగుకు పెట్టుకుంది. ఆ తెరచాప అతనిది కాదు. మేకు ఖాళీగా ఉంది గదాని ఎవరూ వెతకడానికి పోలేదు. అప్పటి నుంచీ ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోకూడదని కట్టుబాటు.

నలభై ఏళ్ళ కిందటి పెద్ద తుఫానులో అయిదుగురు తిరిగి రాలేదు. శవాలు దొరకలేదు. బొమ్మలు చేసి కర్మలు జరిపించారు గానీ బిళ్ళలు తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పదకొండో నంబరు ఆమె మొగుడు కామాక్షయ్యది. అప్పుడతనికి ఇరవయ్యారేళ్ళు. మనవడికి ఆయన పోలికలే వచ్చాయట.

"తీసేదేగాక గుండెమీద పెట్టుకుంటివి గదా అబ్బయ్యా" అంది పోలేరమ్మ. "ఆయన్ని ఒడ్డుకు పిలిచినావు. సముద్రం ఒకర్ని ఒదిలితే ఊరికే ఒదలదు."

టీగ్లాసులతో వచ్చిన రోజా ఆ చివరి మాట విన్నది. ఆమె చూపు సముద్రం వైపు తిరిగింది. సుబ్బు తెల్లవారుజామున పోయాడు.

అంతలో ఒడ్డు నుంచి కేకలు వినబడ్డాయి. ఒకతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. సుబ్బుతో కలిసి పోయిన హజరత్తయ్య అతను. తడిసిన ఒళ్ళు వణుకుతుండగా చెప్పాడు. వల లాగుతున్నాడు సుబ్బు, అల కూడా లేదు, ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టు వంగి నీళ్ళలోకి పోయాడు. తనూ దూకి వెతికాడు. దొరకలేదు. మిగతా పడవలు అక్కడే తిరుగుతున్నాయి. ఎప్పుడని పెంచలకృష్ణ అడిగాడు. పదిన్నర దాటి ఉంటుందన్నాడు హజరత్తయ్య.

రోజా గ్లాసులు కింద పెట్టింది. పడెయ్యలేదు, జాగ్రత్తగా పెట్టింది. తర్వాత ఒడ్డుకు పరుగెత్తింది. పెంచలకృష్ణ ఆమె వెనకే లేచాడు. ఒక రేకుముక్క మీది సరదాకు ఒక ఆడపిల్ల బతుకు పోతోందనుకున్నాడు. పోలేరమ్మ అతని చెయ్యి పట్టుకుంది. జ్వరంతో ఆ చెయ్యి కాలిపోతోంది.

"ఇంకా పొద్దుంది. తీసిన చేత్తోనే ఆ మేకుకు తగిలించు. ఎవురడిగినా చేతికియ్యొద్దు. ఎవురైనా సరే."

అతను షెడ్డుకు పరుగెత్తాడు. వాన మొదలైంది. రేకుల మీద చినుకుల మోత. తాను మూసి వచ్చిన తలుపు తెరిచి ఉంది. గడప దగ్గర నుంచి బల్ల దాకా సిమెంటు మీద తడి అడుగులు. లోపలికి పోయినవే. బయటికి వచ్చినవి లేవు.

బల్ల ముందు ఒకడు నిలబడి ఉన్నాడు. వీపు ఇటు. చొక్కా లేదు. ఒంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. కుడిచేత్తో బల్లను తడుముతున్నాడు. తొమ్మిది... పది... పదకొండో మేకు దగ్గర వేలు ఆగింది. ఖాళీ మేకును చుట్టూ తడిమింది. మళ్ళీ తడిమింది.

పెంచలకృష్ణ గడప దగ్గరే ఆగాడు. వెనక్కి పోదామనుకున్నాడు. అప్పుడా మనిషి తల తిప్పాడు.

సుబ్బు.

ఫొటోలోని మొహమే. అవే కళ్ళు, అదే గడ్డం, అదే సగం నవ్వు. పెంచలకృష్ణకు ప్రాణం లేచి వచ్చింది. ఈదుకుంటూ ఇటువైపు ఒడ్డుకు చేరి ఉంటాడు, భయంతో మతి చెదిరి షెడ్డులోకి వచ్చి ఉంటాడు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నీకోసం రోజా ఒడ్డున ఏడుస్తోందని చెప్పబోయాడు.

ఆ మనిషి చెయ్యి చాచాడు. అరచెయ్యి తెల్లగా, నానిపోయి, ముడతలు పడి ఉంది.

"నాది... ఇయ్యి" అన్నాడు మెల్లగా.

ముసలామె చెప్పిన మాట గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. కానీ ఎదురుగా ఉన్నది సుబ్బు. బతికే ఉన్నాడు. ఇంకా ఆ బ్యాడ్జీ తన దగ్గరెందుకు... ఆ క్షణంలో దాన్ని వదిలించుకుంటే చాలనిపించింది. జేబు నుంచి తీసి ఆ చేతిలో పెట్టాడు.

అతను దాన్ని తిప్పి చూసుకున్నాడు. పిన్ను తెరిచాడు. ఎడమవైపు గుండె మీద, ఒట్టి చర్మానికి, చొక్కాకు గుచ్చుకున్నట్టు గుచ్చుకున్నాడు. పిన్ను చర్మంలో ఒక పక్క దిగి ఇంకో పక్క తేలింది. గాడిలో పెట్టాడు. ఒక్క చుక్క రక్తం రాలేదు. నీళ్ళు వచ్చాయి.

అప్పుడు పెంచలకృష్ణ అతని ఎడం కనుబొమ చూశాడు. గాటు లేదు.

షెడ్డులోంచి ఎలా బయటపడ్డాడో అతనికి తెలియదు. వానలో ఇసుక మీద పడుతూ లేస్తూ ఒడ్డుకు చేరేసరికి జనం గుంపుగా ఉన్నారు. అరుపులు. ఏడుపు కాదు, సంతోషం. సుబ్బు దొరికాడు. వలను తేల్చే బెండ్లకు చుట్టుకుని తేలుతుంటే ఇంకో పడవ వాళ్ళు లాగారట. బతికే ఉన్నాడు. రోజా అతని తల ఒళ్ళో పెట్టుకుని చీర కొంగుతో మొహం తుడుస్తోంది. పెంచలకృష్ణ గుంపులోంచి తొంగిచూశాడు. ఎడం కనుబొమ మీద గాటు ఉంది. సుబ్బే. దేవుడా అనుకుని అక్కడే కూలబడ్డాడు.

అప్పుడు రోజా సుబ్బు ఛాతీ తుడిచింది. ఎడమవైపు, బ్యాడ్జీ పిన్నుకు ఎంత వెడల్పుంటుందో అంత ఎడంతో, రెండు చిన్న రంధ్రాలు. రక్తం లేదు. తెల్లగా నాని ఉన్నాయి.

సుబ్బు కళ్ళు తెరిచాడు. ఒళ్ళో పెట్టుకున్న రోజాను చూశాడు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసి చూపు తిప్పుకున్నాడు. గుంపు వెనక కర్ర పట్టుకుని నిలబడ్డ పోలేరమ్మ దగ్గర ఆ చూపు ఆగింది. చాలాసేపు చూశాడు.

"పోలీ" అన్నాడు. "ఇంత ముసిలిదానివి ఎప్పుడైనావే?"

అందరూ నవ్వారు. ఉప్పునీళ్ళు తాగి మతి చెదిరిందని, రెండు రోజులు పడుకుంటే సరిపోతుందని అన్నారు. రోజా కూడా ఏడుస్తూనే నవ్వింది. పోలేరమ్మ నవ్వలేదు. పైట కొంగు తీసి తల మీద కప్పుకుంది. మనవడి ముందు ఏ అవ్వా అలా కప్పుకోదు. ఆ తర్వాత ఆమె పెంచలకృష్ణ వైపు తిరిగి చూసింది. చేతికిచ్చావా అని అడగలేదు.

అతను చెప్పి ఉండవలసింది. అక్కడే, అందరి ముందు, పడవలు వెనక్కి పంపండి, ఇంకోసారి వెతకండి అని చెప్పి ఉండవలసింది. ఏమని చెప్పాలి? మనిషి కళ్ళెదుట ఉన్నాడు, పెళ్ళాం సంతోషంగా ఉంది. బండెక్కి నాయుడుపేట వచ్చేశాడు. వారం రోజులు లోపలి గది తాళం తియ్యలేదు. ఎన్నిసార్లు ఉతికినా ఆ చొక్కా జేబు దగ్గర తడి ఆరలేదని వినీల విసుక్కుంటే, దాన్ని తీసుకుపోయి కాల్చేశాడు.

పదో రోజు పొద్దున రోజా ఫోన్ చేసింది. గొంతులో అలసట ఉంది గానీ దిగులు లేదు. ఆయన బాగానే ఉన్నాడంది. కాకపోతే సెల్ ముట్టుకోవడం లేదు, రోజంతా అవ్వతోనే మాట్లాడుతున్నాడు, రాత్రిళ్ళు పక్క తడిసిపోతోంది, జ్వరం చెమటలేమో అంది. తర్వాత అసలు సంగతి చెప్పింది.

"బ్యాడ్జీ చేసినట్టు నాకు చెప్పనేలేదే అన్నా. షెడ్డులో ఎప్పుడు తగిలించి పోయినావు? పదకొండో మేకుకుండాది. నీకిచ్చిన ఫొటోనే. కాకపోతే దీంట్లో ఆయన తల తడిసి ఉండాది."

పెంచలకృష్ణ సొరుగు లాగాడు. ఫొటో కవర్లోనే ఉంది. ఎర్రచొక్కా, నూనె రాసిన తల, సగం నవ్వు. అతను బ్యాడ్జీ చెయ్యలేదు.

"ఆయనేమో తీసెయ్యమంటా ఉండాడు. అవ్వేమో ముట్టుకుంటే చంపుతానంటా ఉండాది" అని రోజా నవ్వింది. "ఇప్పుడు బల్ల ముందరే ఉండాను. తీసెయ్యనా అన్నా?"

మేకు మీద బిళ్ళ ఉంటే మనిషి ఇంకా నీళ్ళ మీదున్నట్టు. తీసేస్తే ఇక అతని కోసం వెతికేవాళ్ళు లేనట్టు. ఆ మాట చెప్పడానికి పెంచలకృష్ణ నోరు తెరిచాడు. ఫోనులో, రోజాకు బాగా దగ్గరగా, సిమెంటు మీద ఏదో మెల్లగా అంటుకుని, లేచి, మళ్ళీ అంటుకుంది.

"అన్నా" అంది రోజా. "ఉండావా?"